పైలట్ కల చెదిరింది.. సముద్రం దారి చూపింది

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పిల్లలకు ఈత నేర్పేది సముద్రం కాదు, బావి. నడుముకు బెండ్లు కట్టుకుని, పైన అన్నో మామో తాడు పట్టుకుని ఉంటే దిగుడుబావిలో దూకి నేర్చుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఇంకొంచెం ధైర్యం ఉన్నవాళ్లు బొప్పాయి కాడ నోట్లో పెట్టుకుని, తల నీళ్లలో ముంచి ఊపిరి పీల్చే ఆట కూడా ఆడి ఉంటారు. ఆ కాడకే ప్లాస్టిక్ గొట్టం రూపం ఇచ్చి, కళ్లకు అద్దం తగిలిస్తే అదే స్నార్కెలింగ్. ఈమధ్య మన కాలేజీల కుర్రాళ్లు కూడా బళ్లారి, హుబ్బళ్లి మీదుగా మురుడేశ్వర్ వెళ్లి, అక్కడ పడవెక్కి నేత్రాణి దీవి దగ్గర సముద్రంలో తల ముంచి చేపలు చూసి వస్తున్నారు. ఒకప్పుడు మన నౌకాదళం గుళ్ల సాధనకు గురిగా వాడుకున్న చిన్న దీవి అది.

ఆ సరదాను ప్రపంచానికి పరిచయం చేసిన మనిషి ఒకరున్నారు. పేరు జాక్ ఈవ్ కూస్తో. ఫ్రాన్స్ దేశస్థుడు. అనుకున్న ఉద్యోగం చేతికందే సమయానికి రెండు చేతులూ విరగ్గొట్టుకున్న యువకుడు. డిగ్రీ చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న వాళ్లు ఆయన జీవితం ఒకసారి చదవాలి. అందులో గెలుపుతో పాటు తప్పులు కూడా ఉన్నాయి. అవి కూడా పనికొచ్చేవే.

బలహీనమైన పిల్లాడు

కూస్తో 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గర సెయింట్ ఆండ్రే ద క్యుబ్జాక్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చిన్నప్పుడు తరచూ జబ్బు పడేవాడు. ఒళ్లు అలిసే పనులు వద్దన్నారు డాక్టర్లు. అయినా ఈత మాత్రం వదల్లేదు. తండ్రి ఉద్యోగరీత్యా కొంతకాలం అమెరికాలో ఉన్నప్పుడు ఒక వేసవి శిబిరంలో చెరువు అడుగున పేరుకున్న కొమ్మలు, చెత్త తీసే పని అప్పజెప్పారట. ఊపిరి బిగబట్టి మునగడం అలా అలవాటైంది.

చదువులో మాత్రం అంత గొప్పేం కాదు. బడి కిటికీల అద్దాలు పగలగొట్టినందుకు బయటకు పంపించేశారు కూడా. కానీ పదమూడేళ్లకే దాచుకున్న డబ్బుతో ఒక సినిమా కెమెరా కొనుక్కుని, దాన్ని విప్పి, బిగించి, ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాడు. ఈత, కెమెరా. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేని సరదాల్లా కనిపించాయి అప్పట్లో. ఇరవై ఏళ్ల తర్వాత ఆ రెండూ కలిసే ఆయన వృత్తి అయ్యాయి.

ఒక్క రాత్రి ప్రమాదం

1930లో కష్టపడి చదివి బ్రెస్ట్ పట్టణంలోని నౌకాదళ అకాడమీలో సీటు సంపాదించారు. ఓడలో ప్రపంచం చుట్టి వచ్చారు. కానీ ఆయన మనసంతా ఆకాశం మీదే. నౌకాదళంలో విమానం నడపాలని శిక్షణలో చేరారు. శిక్షణ దాదాపు పూర్తయ్యే సమయంలో, 1936లో, రాత్రిపూట కారు నడుపుతూ ప్రమాదానికి గురయ్యారు. రెండు చేతులూ దెబ్బతిన్నాయి. ఒక చెయ్యి తీసేయాల్సి వస్తుందన్నారు డాక్టర్లు. ఆయన ఒప్పుకోలేదు. నెలల తరబడి వేళ్లు కదిలించడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు. చెయ్యి దక్కింది గానీ పైలట్ ఉద్యోగం దక్కలేదు.

నౌకాదళం ఆయన్ని మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న తూలోన్ రేవుకు పంపింది. చేతులకు బలం రావడానికి రోజూ సముద్రంలో ఈత కొట్టమని సహోద్యోగి ఫిలిప్ తాయే సలహా ఇచ్చారు. ఒకరోజు నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు కూడా ఇచ్చారు. అవి పెట్టుకుని తల ముంచిన కూస్తోకి అడుగున రాళ్లు, నాచు, చేపలు స్పష్టంగా కనబడ్డాయి. తల పైకెత్తితే ఒడ్డున బండ్లు, కరెంటు స్తంభాలు. తల దించితే ఇంకో లోకం. ఆకాశం కోసం ఏడుస్తున్న కుర్రాడికి ఆ క్షణంలో దారి దొరికింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆయన ఉద్యోగం మానేసి సముద్రం వెంట పడలేదు. నౌకాదళం జీతం మీదే ఉంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా మునకలు వేశారు. తాయే, ఫ్రెడరిక్ దూమా అనే మరో గజ ఈతగాడు, కూస్తో, ముగ్గురూ ఒక జట్టయ్యారు. 1937లో పెళ్లాడిన సిమోన్ మెల్షియోర్ కూడా తర్వాత ఈ జట్టులో విడదీయలేని భాగమైంది.

చిన్న దీవి.. ఊపిరి బిగబట్టి సినిమా

1942లో ఫ్రాన్స్ యుద్ధంలో ఓడిపోయి జర్మనీ చేతిలో నలుగుతోంది. అలాంటి రోజుల్లో ఈ ముగ్గురూ తూలోన్‌కి దగ్గర్లో ఉన్న ఎంబియే అనే చిన్న దీవుల దగ్గరికి వెళ్లి నీటి అడుగున సినిమా తీశారు. కెమెరాకు నీళ్లు చొరబడని పెట్టె చేయించుకున్నారు. సినిమా ఫిల్ము దొరక్కపోతే, ఫొటో కెమెరాల చిన్న రీళ్లు కొని, చీకట్లో ఒకదానికొకటి అతికించుకున్నారు. ఆ సినిమాకు పద్దెనిమిది మీటర్ల లోతున అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఊపిరి పీల్చే యంత్రం ఏదీ లేదు. మునిగిన ప్రతిసారీ బిగబట్టిన ఊపిరే ఆధారం.

అక్కడే వాళ్లకు అసలు సమస్య ఎదురైంది. ఊపిరి ఉన్నంతసేపే చూపు. చేప దగ్గరికి వచ్చేసరికి మనం పైకి పోవాల్సి వస్తుంది.

గొట్టం పొడవు పెంచితే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. బొప్పాయి కాడతో ఆడినవాళ్లకు జవాబు తెలుసు. అడుగు లోతు దాటితే ఛాతీ బిగుసుకుపోతుంది, గాలి లోపలికి రాదు. కారణం నీటి బరువు. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. పైనుంచి గొట్టంలో వచ్చే మామూలు గాలి ఆ ఒత్తిడిని నెట్టుకుని ఊపిరితిత్తుల్లోకి చేరలేదు. అందుకే స్నార్కెల్ గొట్టాలు ఇప్పటికీ అడుగు, అడుగున్నర మించి ఉండవు. లోతుకు దిగాలంటే, చుట్టూ నీరు ఎంత ఒత్తిడి చేస్తుందో అంతే ఒత్తిడితో గాలి అందాలి. అది కూడా పీల్చినప్పుడు మాత్రమే అందాలి. లేకపోతే సిలిండర్ నిమిషాల్లో ఖాళీ.

కూస్తో మొదట స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో ప్రయత్నించి రెండుసార్లు మూర్ఛ వచ్చి చావు అంచుకు వెళ్లి వచ్చారు. లోతులో స్వచ్ఛమైన ఆక్సిజన్ విషంలా పనిచేస్తుందని అలా తెలిసింది.

కారు కవాటం నుంచి ఊపిరి యంత్రం

సిమోన్ తండ్రి ఎయిర్ లిక్విడ్ అనే గ్యాస్ కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవారు. ఆయన ద్వారా కూస్తోకి అదే కంపెనీ ఇంజినీరు ఎమిల్ గాన్యాన్ పరిచయమయ్యారు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క కార్లు గ్యాస్‌తో నడుస్తున్న రోజులవి. ఇంజనుకు కావాల్సినంత గ్యాసే పంపే ఒక కవాటాన్ని గాన్యాన్ తయారు చేసి ఉన్నారు. కూస్తో తన సమస్య చెప్పగానే ఆయన ఆ కవాటాన్నే బయటికి తీసి చూపించారు. కారుకు పనికొచ్చింది మనిషికి ఎందుకు పనికిరాదు?

1943 మొదట్లో పారిస్ దగ్గర మార్న్ నదిలో పరీక్షించారు. అడ్డంగా పడుకుంటే బాగానే పనిచేసింది. నిలబడితే గాలి వృథాగా తన్నుకొచ్చింది. తలకిందులైతే అసలు రాలేదు. ఇద్దరూ నిరాశతో ఇంటిదారి పట్టారు. గాలి లోపలికి వచ్చే చోటు, బయటికి పోయే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండడమే లోపమని తర్వాత గుర్తించారు. రెండింటినీ ఒకేచోటికి తెచ్చారు. అంతే. అదే ఏడాది జూన్‌లో బాందోల్ అనే ఊరి రైల్వే స్టేషన్‌కు ఒక పెట్టె వచ్చింది. కూస్తో దాన్ని తీసుకెళ్లి, వీపుకు కట్టుకుని సముద్రంలో దిగారు. పైన సిమోన్ గొట్టం అద్దం పెట్టుకుని, నీటి మీద తేలుతూ భర్తను కనిపెట్టుకుని ఉంది. ఆ పరికరం పేరు ఆక్వాలంగ్. ఈరోజు అండమాన్‌లో, గోవాలో, విశాఖలో డైవింగ్ చేసే ప్రతివాళ్ల నోట్లో ఉండేది దాని వారసురాలే.

ఒక్క ఫ్రాంకు అద్దె

యుద్ధం అయ్యాక నౌకాదళంలోనే ఒక పరిశోధన బృందం పెట్టి మందుపాతరలు వెతికారు, మునిగిన ఓడలు చూశారు. 1950లో ఒక సంపన్నుడు పాత చెక్క ఓడను కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దెకు కూస్తోకి ఇచ్చారు. అది ఒకప్పుడు మందుపాతరలు ఏరిన ఓడ, తర్వాత మాల్టా దగ్గర జనాన్ని దాటించిన పడవ. పేరు కలిప్సో. ఓడ చవకే గానీ దాన్ని నడపడం చవక కాదు. సిమోన్ తన నగలు అమ్మి ఇంధనానికి, పరికరాలకు డబ్బు సమకూర్చిందని చెబుతారు. కెమెరా ముందుకు పెద్దగా రాకపోయినా, భర్త కంటే ఎక్కువ రోజులు ఆ ఓడ మీద గడిపింది ఆమే.

గ్రాండ్ కాంగ్లువే: రాతి దీవి కింద రెండువేల ఏళ్లు

కూస్తో జీవితంలో మన పేజీ పాఠకులు ప్రత్యేకంగా చదవాల్సిన ఘట్టం ఇది. మార్సేయ్ రేవుకు అవతల గ్రాండ్ కాంగ్లువే అనే చిన్న దీవి ఉంది. చెట్టు లేదు, మంచినీళ్లు లేవు, ఉన్నదంతా తెల్లటి సున్నపురాయి కొండ. రొయ్యల్లాంటి పెద్ద లాబ్‌స్టర్లను పట్టుకునే ఒక డైవర్, ఆ దీవి కింద కుండల్లో లాబ్‌స్టర్లు బాగా దొరుకుతాయని దూమాతో మాటల సందర్భంలో చెప్పాడు. ఆ డైవర్ లోతు నుంచి తొందరగా పైకి వచ్చి, రక్తంలో గాలి బుడగలు చేరి, ఆస్పత్రి పాలైన మనిషి.

కుండలంటే ఏమిటి? 1952లో కలిప్సో అక్కడికి వెళ్లింది. దిగి చూస్తే సుమారు నలభై మీటర్ల లోతున బురదలో వరుసలు వరుసలుగా పొడవాటి మట్టి జాడీలు. ద్రాక్షసారా, నూనె రవాణా చేసిన పురాతన ఓడ సరుకు. వాటితో పాటు నల్లటి మెరుపున్న పింగాణీలాంటి పళ్లేలు, గిన్నెలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. క్రీస్తుకు ముందు నాటివి.

ఆ తవ్వకం 1957 దాకా సాగింది. దీవి మీద చిన్న గుడిసె వేసి, కొండ అంచు నుంచి సముద్రం మీదికి ఒక ఇనుప దూలం కట్టారు. దాని నుంచి పెద్ద గొట్టం కిందికి దించి, అందులోకి గాలి వదిలితే అది అడుగున ఉన్న బురదను పైకి లాగేది. ఒక్కో డైవర్ అంత లోతులో కొన్ని నిమిషాలే పనిచేయగలడు. సమయం కాగానే పైకి రావాల్సిందే. ఎండాకాలం, చలికాలం, పెనుగాలులు, అన్నీ అక్కడే.

1952 చివర్లో ప్రమాదం జరిగింది. పోయిన లంగరు కోసం దాదాపు డెబ్బై మీటర్ల లోతుకు దిగిన ఝాన్ పియేర్ సెర్వాంతి అనే యువ డైవర్ ప్రాణాలతో తిరిగి రాలేదు. పని ఆపేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. జట్టు కొనసాగింది. కానీ ఆ చావు ఆ తవ్వకం మీద నీడలా మిగిలిపోయింది.

ఇంకో లోపం కూడా ఉంది. తవ్వకానికి బాధ్యుడైన పురావస్తు పండితుడు ఫెర్నాన్ బెన్వాకు డైవింగ్ రాదు. ఆయన పైన కూర్చుని, పైకొచ్చిన వస్తువులు చూసి చెప్పాల్సిందే. ఏ వస్తువు ఏ పొరలో, దేని పక్కన దొరికిందో సరిగ్గా నమోదు కాలేదు. అది ఒకే ఓడ అనుకున్నారు. ఏళ్లు గడిచాక, డైవింగ్ తెలిసిన పురావస్తు శాస్త్రవేత్తలు లెక్కలన్నీ తిరగేస్తే తేలింది, అక్కడ మునిగింది ఒకటి కాదు, వేర్వేరు కాలాల్లో ఒకదాని మీద ఒకటి మునిగిన రెండు ఓడలు అని! వస్తువు దొరికినంత మాత్రాన చరిత్ర దొరికినట్టు కాదు. నైపుణ్యం ఒకరి దగ్గర, విషయ పరిజ్ఞానం ఇంకొకరి దగ్గర ఉండిపోతే ఇలాంటి నష్టమే జరుగుతుంది.

అదే రోజుల్లో మన దగ్గర

కూస్తో మనుషులు నీళ్లలోకి దిగి చరిత్ర వెలికితీస్తున్న ఆ రోజుల్లోనే, మన కృష్ణా తీరంలో నీళ్లు రాకముందే చరిత్రను కాపాడుకునే పని జరిగింది. నాగార్జునసాగర్ కింద మునిగిపోబోయే లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల కాలపు కట్టడాలు కొన్నింటిని విప్పి కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఈరోజు మనం లాంచీలో వెళ్లి చూసే నాగార్జునకొండ దీవి. ఇక మన కర్నూలు పక్కనే శ్రీశైలం వెనుక జలాల్లో సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉండి, వేసవిలో బయటపడుతుంది. నీటి కింద చరిత్ర అంటే ఎక్కడో ఫ్రాన్స్ సంగతి అనుకోనక్కర్లేదు.

పేరు, తప్పులు, దిద్దుబాటు

1953లో వచ్చిన పుస్తకం, 1956లో లూయీ మాల్‌తో కలిసి తీసిన సినిమా, రెండింటి పేరూ ద సైలెంట్ వరల్డ్. సినిమాకు కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి, ఆ తర్వాత ఆస్కార్ వచ్చాయి. కానీ ఈరోజు ఆ సినిమా చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. అందులో పగడపు దిబ్బ మీద పేలుడు పదార్థం వాడి చేపల్ని లెక్కపెట్టారు, షార్క్‌లను కొట్టి చంపారు. అంతేకాదు, 1954లో ఓడ ఖర్చుల కోసం గల్ఫ్‌లో చమురు వెతికే పని కూడా చేశారు.

మారింది కూడా ఆయనే. తాను మొదట దిగిన చోట్లకే మళ్లీ వెళ్లి దిగినప్పుడు చేపలు తగ్గిపోవడం, అడుగు బోసిపోవడం కళ్లారా చూశారు. 1960లో అణు వ్యర్థాలను మధ్యధరా సముద్రంలో పారబోసే ప్రయత్నాన్ని గట్టిగా వ్యతిరేకించారు. మొనాకో సముద్ర మ్యూజియానికి 1957 నుంచి డైరెక్టరుగా ఉన్నారు. 1962లో మార్సేయ్ దగ్గర పది మీటర్ల లోతున ఒక ఉక్కు గదిలో ఇద్దరు మనుషులు వారం రోజులు ఉండి చూపించారు. 1968 నుంచి వచ్చిన టీవీ సిరీస్‌తో ఎర్ర టోపీ కూస్తో ఇంటింటికీ చుట్టమయ్యారు. 1973లో సముద్ర రక్షణకు సొంతంగా ఒక సంస్థ పెట్టారు.

చివరి ఏళ్లు సుఖంగా గడవలేదు. 1979లో కొడుకు ఫిలిప్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1990లో సిమోన్ పోయింది. ఆమె బతికుండగానే ఆయనకు ఇంకో కుటుంబం ఉన్న సంగతి తర్వాత లోకానికి తెలిసింది. పెద్ద కొడుకుతో పేరు వాడకం మీద కోర్టు దాకా వెళ్లారు. 1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బార్జి తగిలి కలిప్సో మునిగింది. 1997 జూన్ 25న, 87 ఏళ్ల వయసులో కూస్తో పారిస్‌లో కన్నుమూశారు. పుట్టిన ఊళ్లోనే సమాధి చేశారు.

మనకేంటి?

మన పడమటి మండలాల్లో ఒకవైపు సుగ్గికి వలసపోయే కుటుంబాలు, ఇంకోవైపు డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియని పిల్లలు. అలాంటి చోట సముద్రం గురించి మాట్లాడడం వింతగా అనిపించొచ్చు. కానీ కలిప్సో మీద ఉన్నది డైవర్లు మాత్రమే కాదు. మెకానిక్కు, వెల్డరు, వంటమనిషి, కెమెరామన్, రసాయన శాస్త్రవేత్త, డాక్టరు అందరూ ఉన్నారు. ఏ చదువుకైనా ఆ ఓడలో ఒక చోటు ఉంది.

* సైన్సు చదివినవాళ్లు: జువాలజీ, జియాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిన్ యూనివర్సిటీ లాంటి చోట్ల సముద్ర శాస్త్రాల్లో పీజీ చేయొచ్చు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో పరిశోధనకు నెట్ పరీక్ష ఒక దారి.
* ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్లు: చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. గాన్యాన్ చేసిన పని ఇలాంటిదే.
* హిస్టరీ వాళ్లు: పురావస్తు శాస్త్రంలో పీజీకి పుణెలోని దక్కన్ కాలేజీకి మంచి పేరుంది. భారత పురావస్తు శాఖలో నీటి అడుగు తవ్వకాలకు ప్రత్యేక విభాగం ఉంది. దీనికి డైవింగ్ కూడా నేర్చుకుంటే బెన్వాకు వచ్చిన ఇబ్బంది మీకు రాదు.
* ఐటీఐ వాళ్లు: రేవులు, వంతెనలు, చమురు వేదికల దగ్గర నీటి అడుగున వెల్డింగ్, మరమ్మతులు చేసే వృత్తి డైవర్లు కావాలి. ప్రమాదం ఉన్న పని. గుర్తింపు ఉన్న శిక్షణ లేకుండా ఏజెంట్ల మాట నమ్మి డబ్బు కట్టొద్దు.

ఇక సరదాగా నేత్రాణికో అండమాన్‌కో వెళ్లేవాళ్లకు ఒక మాట. బావిలో ఈత వచ్చిన ధీమాతో లైఫ్ జాకెట్ తీసేయకండి. బావిలో అలలుండవు, ప్రవాహం ఉండదు. ఒంటరిగా పడవకు దూరం పోకండి. పగడాల మీద కాలు పెట్టకండి, అవి రాళ్లు కావు, ప్రాణమున్నవి. స్కూబా మొదటి సర్టిఫికెట్‌తో దిగనిచ్చే లోతు సాధారణంగా పద్దెనిమిది మీటర్లు. ఎనభై ఏళ్ల కిందట ఎంబియే దీవుల దగ్గర ముగ్గురు స్నేహితులు కేవలం ఊపిరి బిగబట్టి చేరింది కూడా సరిగ్గా అంతే లోతు.

పైలట్ అవకాశం పోయినప్పుడు కూస్తో వయసు దాదాపు 26. మీలో చాలామంది ఇప్పుడు దానికంటే చిన్నవాళ్లే. ఒక తలుపు మూసుకుపోయిన రోజున ఆయన చేసింది పెద్ద పనేం కాదు. స్నేహితుడిచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని, తల వంచి, కాళ్ల కింద ఏముందో చూశారు. ఆ తర్వాత పదేళ్లు ఆ పని విడిచిపెట్టలేదు.